ఢిల్లీ నుండి టోక్యోకు: దూర మొకటి, కాలములు రెండు



విమానయాన మొకప్పుడు ధనికుల వేడుక. నేడది మన యిండ్లలోని విషయమైనది. పైచదువులకు పోవు కుమార్తె, ఉద్యోగమునకు పోవు కుమారుడు, క్రొత్తకాపురమునకు పోవు కోడలు, కూతురి పురుటికి పోవు తల్లి, వీరందఱును నేడు ఆకాశమార్గముననే పోవుచున్నారు. పోవువారికి ప్రక్కన తోడి ప్రయాణికు లుందురు. వేళకు భోజనము వచ్చును. విమానపు సిబ్బంది కావలసినది కనుగొందురు. ఇంట నిలిచిన స్త్రీకి మాత్ర మా రాత్రి గోడమీది గడియారమే తోడు. ఆ గడియారము చెప్పు లెక్కను నమ్మినచో, కొన్ని వేళల లేనిపోని భయము, కొన్ని వేళల లేనిపోని ధైర్యము కలుగును. కావున ఈ మాసమున రెండు పట్టణములను తీసికొని, వాని నడుమ విమానము పోవు దూరమెంత, పట్టు కాల మెంత, ఆ కాలము పోవునప్పు డొకటియు వచ్చునప్పు డొకటియు నేల యగుచున్నది యను విషయము ముచ్చటించుకొందము.

ఆ రెండు పట్టణములు మన దేశపు రాజధానియగు ఢిల్లీ, జపాను రాజధానియగు టోక్యో. తెలుగునాటినుండి చదువునకును, ఉద్యోగములకును జపానుకు పోవువారు గలరు. వారిలో కొందఱు ఢిల్లీ మీదుగను, కొందఱు బ్యాంకాకు, సింగపూరు, హాంగుకాంగు వంటి పట్టణముల మీదుగను పోవుచుందురు. మనము ఢిల్లీ దారినే చూతము. ఏలయన, ఆకాశమున జరుగు చిత్రము ఈ దారియందు మిక్కిలి స్పష్టముగా గానవచ్చును.

ముందొక చిక్కు ప్రశ్న. ఒక విమానము ఢిల్లీలో రాత్రి 8 గంటలకు బయలుదేరి టోక్యోలో ఉదయము 7 గంటలకు దిగినదనుకొనుడు. మఱియొక విమానము టోక్యోలో మధ్యాహ్నము 12 గంటలకు బయలుదేరి ఢిల్లీలో సాయంకాలము 6 గంటలకు దిగినదనుకొనుడు. టిక్కెట్టు మీద ముద్రించు వేళలు ఆయా ఊళ్ల వేళలే. వ్రేళ్లమీద లెక్కించినచో పోవుటకు 11 గంటలు, వచ్చుటకు 6 గంటలు పట్టినట్లు తోచును. అయ్యో, పోవు దారి యింత దూరమా, వచ్చు దారి యింత దగ్గఱా యనిపించును. కాని సత్యము దీనికి సరిగా తలక్రిందులు. పోవుటకు పట్టినది ఏడున్నర గంటలు; వచ్చుటకు పట్టినది తొమ్మిదిన్నర గంటలు! గడియారము దగ్గఱ యని చెప్పిన తిరుగు ప్రయాణమే నిజముగా దీర్ఘమైనది. ఈ చిత్రమునకు కారణములు రెండు: ఒకటి సూర్యుడు, రెండవది గాలి. ఈ రెంటిని విడదీసి చూచినగాని లెక్క తెగదు.

దూరము

పటమును బల్లపై పఱచి ఢిల్లీకిని టోక్యోకును నడుమ బద్దతో గీత గీచినచో, అది దగ్గఱ దారి యని తోచును. కాని భూమి పటమువలె చదునైనది కాదు. ఇంట పిల్లలు చదువుకొను గోళ మున్నచో ఒక దారము తీసికొని, ఒక కొన ఢిల్లీ మీదను, రెండవ కొన టోక్యో మీదను నుంచి బిగలాగి చూడుడు. గోళము లేకున్న బత్తాయిపండు చాలును. ఆ దారము పటముపై గీచిన గీతకంటె ఉత్తరముగా వంగి, హిమాలయములను దాటి, టిబెట్టు మీదుగా, ఉత్తర చీనా మీదుగా, కొరియా మీదుగా జపానును చేరును. గుండ్రని వస్తువుపై రెండు చోట్ల నడుమ మిక్కిలి దగ్గఱ దారి అట్టిదే. ఆ దారము లెక్కన ఢిల్లీ విమానాశ్రయమునుండి టోక్యోలోని హనేదా విమానాశ్రయమునకు దూరము సుమారు 5,860 కిలోమీటర్లు, అనగా 3,640 మైళ్లు. టోక్యోకు నరితా యను మఱియొక విమానాశ్రయము గలదు. అది నగరమునకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటికి దూరము 5,900 కిలోమీటర్లకు కొంచెము మించును. మనవారిని ఎదుర్కొనుటకు స్నేహితు లెవరైన వచ్చుచున్నచో, దిగునది హనేదాయో నరితాయో ముందుగనే తెలిసికొని చెప్పుట మంచిది.

అయితే విమానము ఆ దారము వెంట పోదు. దాని కొక కారణము గలదు. అది ప్రాణరక్షణకు సంబంధించినది. విమానములు పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున ఎగురును. ఆ యెత్తున గాలి మిక్కిలి పలుచన. మనుష్యుడు ఊపిరి పీల్చి బ్రతుకలేడు. అందుచేత విమానములోనికి గాలిని ఒత్తి నింపుచుందురు. ఎప్పుడైన ఆ గాలి పోయినచో, ప్రయాణికుల తలలపైనుండి ముసుగులు జాఱి, వానినుండి ప్రాణవాయువు వచ్చును. కాని చాల విమానములలో నది సుమారు పావుగంట సేపు మాత్రమే వచ్చును. ఆ లోపల చోదకుడు విమానమును సుమారు 3,000 మీటర్ల ఎత్తునకు దింపవలెను. అచ్చట సహజముగా ఊపిరాడును. టిబెట్టు పీఠభూమి సగటున 4,500 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. దానిపై ఎగురుచున్న విమానము 3,000 మీటర్లకు దిగుట యెట్లు? దిగుటకు క్రింద చోటే లేదు. కావుననే సాధారణముగా ఈ విమానములు గంగామైదానము వెంట తూర్పునకు సాగి, వంగదేశము, బర్మాల మీదుగా చీనాలోని యున్నాను రాష్ట్రమున ప్రవేశించి, ఆ దేశమును దాటి, తూర్పు చీనా సముద్రముపై జపానును చేరును. దూరము కొన్ని వందల కిలోమీటర్లు పెరుగును. అడవిదారి దగ్గఱయైనను రాత్రివేళ ఊరి దారినే పొమ్మని పెద్దలు చెప్పుట లేదా? ఇదియు నట్టిదే.

ఇంకొక మాట. ఆకాశమునకును సరిహద్దులు గలవు. 1944లో చికాగో నగరమున జరిగిన ఒడంబడిక ననుసరించి, ప్రతి దేశమునకును తన నేలపైనున్న ఆకాశముపై పూర్తి యధికారము గలదు. ఒక దేశము తన ఆకాశమును మూసినచో విమానములు చుట్టు తిరిగి పోవలసినదే. కావున ఇద్దఱు రాజుల తగవు ఎక్కడనో జరిగినను, ఇక్కడ మన పిల్లల ప్రయాణము గంటల కొలది పెరుగవచ్చును.

గాలి

ఇక ముఖ్య విషయమునకు వత్తము. పోవుటకంటె వచ్చుటకు ఎక్కువ కాలమేల?

గోదావరిలో పడవపై భద్రాచలమునుండి రాజమహేంద్రవరమునకు పోవువాడు ఏటివాలున పోవును. తెడ్డు వేయకున్నను నీరే తీసికొనిపోవును. మరలి వచ్చునపు డదే పడవ, అదే దూరము. కాని నీటి కెదురీదవలెను. ఆకాశమునను అట్టి యేఱొకటి గలదు. అది నీటి యేఱు గాదు, గాలియేఱు. తొమ్మిది మొదలు పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటినుండి తూర్పునకు, వందల కిలోమీటర్ల వెడల్పున, కొన్ని కిలోమీటర్ల మందమున నిది భూమిని చుట్టి పాఱుచుండును. శాస్త్రజ్ఞులు దీనిని జెట్ ప్రవాహమందురు. దక్షిణమున నేల వేడెక్కియుండును, ఉత్తరమున చల్లబడియుండును. ఈ వేడికిని చలికిని గల భేదమువలన గాలి కదలును. భూమి తన చుట్టు తాను తిరుగుటవలన ఆ కదలిక తూర్పునకు మళ్లును. భేద మెంత హెచ్చైన వేగ మంత హెచ్చు. కావున చలికాలమున నిది మిక్కిలి బలముగా నుండును. జపాను మీద చలికాలమున దీని వేగము గంటకు 300 కిలోమీటర్లకు మించుటయు గలదు. వేసవిలో బలము తగ్గి ఉత్తరమునకు జరుగును.

ఈ జరుగుటతో మన తొలకరికిని సంబంధము గలదు. చలికాలమున ఈ గాలియేటి పాయ యొకటి హిమాలయములకు దక్షిణమున, ఉత్తర హిందూస్థానముపై పాఱుచుండును. ఇంచుమించు జూను మాసారంభమున నది హిమాలయములను దాటి ఉత్తరమునకు పోవును. అది తొలగిన పిమ్మటనే నైరుతి ఋతుపవనములు లోపలికి చొచ్చుకొని వచ్చును. మన రైతు విత్తనము చల్లు వేళకును, టోక్యో విమానము చేరు వేళకును ఇట్లు ఒక గాలియే కారణమగుట వింతగాదా?

ఇప్పుడు పద్దు వ్రాసికొనునట్లు లెక్క వేయుదము. విమానము తిరిగిపోవు దారి 6,300 కిలోమీటర్లనుకొందము. గాలిలో దాని వేగము గంటకు 900 కిలోమీటర్లు. గాలి నిశ్చలముగా నున్నచో పోవుటకు 7 గంటలు, వచ్చుటకు 7 గంటలు, మొత్తము 14 గంటలు. దారి పొడుగునను సగటున గంటకు 100 కిలోమీటర్ల గాలి తూర్పునకు వీచుచున్న దనుకొందము. పోవునప్పుడు వేగము 1,000 కిలోమీటర్లగును. కాలము 6 గంటల 18 నిమిషములు. వచ్చునప్పుడు వేగము 800 కిలోమీటర్లే. కాలము 7 గంటల 52 నిమిషములు. భేదము గంటన్నరకు పైగా వచ్చినది. గాలి యింకను బలముగా నున్న చలికాలమున నిది రెండు గంటలను మించును. విమానము నేలపై మెల్లగా నడచు కాలము, పైకెక్కుటకును క్రిందికి దిగుటకును పట్టు కాలము వీనిని చేర్చినచో, టిక్కెట్టులో చూపు ఏడున్నర గంటలును, తొమ్మిదిన్నర గంటలును వచ్చును.

పై లెక్కలో నొక సూక్ష్మము దాగియున్నది. పోవుటకును వచ్చుటకును పట్టిన కాలములను కూడి చూడుడు: 14 గంటల 10 నిమిషములు. గాలి లేనప్పటి మొత్తము 14 గంటలే. అనగా గాలి పోవునప్పుడు ఇచ్చిన దానికంటె వచ్చునప్పుడు ఎక్కువ తీసికొనినది. ఏలయన, అనుకూలమైన గాలిలో విమానము కొద్దిసేపే యుండును, ఎదురుగాలిలో చాలసేపుండును. అప్పిచ్చినవాడు వడ్డితో రాబట్టుకొనినట్లు, గాలియు తన యిచ్చినదానిని వడ్డితోడనే రాబట్టుకొనును.

గాలియేటిని కనుగొన్నవాడు

ఈ గాలియేటిని మొదట కొలిచి వ్రాసి పెట్టినవారిలో ఒకడు జపాను శాస్త్రజ్ఞుడగు ఓయిషి వాసబురో. టోక్యోకు ఈశాన్యమున తతెనో యను చోట ఆయన ఆకాశపరిశోధనాలయమునకు అధికారిగా నుండెను. బూరలలో తేలిక వాయువును నింపి వదలి, అవి గాలితో కొట్టుకొనిపోవు తీరును దుర్భిణితో చూచి, పైగాలుల వేగమును కట్టుచుండెడివాడు. 1923 నుండి 1925 వఱకు పన్నెండు వందలకు పైగా నిట్లు పరీక్షలు జరిపెను. చలికాలమున తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున గంటకు 250 కిలోమీటర్లకు మించిన గాలి వీచుచున్నదని తేలినది. 1926లో ఆయన తన పరిశోధనను ప్రకటించెను. లోకములోని అన్ని జాతులవారును చదువుకొనవలెనను సదుద్దేశముతో దానిని ఎస్పెరాంతో యను కృత్రిమ భాషలో వ్రాసెను. లోకమునకు సామాన్య భాషగా నుండవలెనని కల్పింపబడిన భాష యది. అందఱికొఱకు వ్రాసిన దానిని దాదాపుగా నెవ్వరును చదువరైరి!

1944 నవంబరునుండి అమెరికా వారి పెద్ద బాంబు విమానములు టోక్యోపై మిక్కిలి ఎత్తున ఎగురసాగెను. అప్పుడు వారు ఈ గాలిలో చిక్కుకొని గుఱి తప్పిరి. ఓయిషి పదునెనిమిదేండ్లకు ముందే చెప్పిన సంగతి వారికి యుద్ధములో గాని తెలియలేదు.

అదే కాలమున జపాను సైన్యము ఈ గాలినే ఆయుధముగా చేసికొనెను. చేతితో చేసిన కాగితమును కందమూలపు జిగురుతో పొరలు పొరలుగా అంటించి, పది మీటర్ల అడ్డుకొలత గల బూరలు చేయించిరి. వానికి బాంబులను కట్టి 1944 నవంబరునుండి 1945 ఏప్రిలు వఱకు సుమారు 9,000 బూరలను గాలియేటిలో వదలిరి. పసిఫిక్ మహాసముద్రమును దాటి వానిలో కొన్ని వందలు అమెరికా ఖండమును చేరినట్లు తేలినది. ఆ కాగితములను అంటించినవా రెవరని తలంచెదరు? బడులనుండి పనికి రప్పింపబడిన బాలికలు. పలక పట్టవలసిన చేతులతో వారు జిగురు పూసిరి. 1945 మే 5వ తేదీన ఆరెగాన్ రాష్ట్రమున బ్లై యను పల్లెకు సమీపముననున్న అడవిలో, వనభోజనమునకు వచ్చిన అయిదుగురు పిల్లలును, వారిని తీసికొనివచ్చిన పాదిరీగారి భార్యయు, అట్టి బూర యొకటి నేలపై పడియుండగా దానిని సమీపించి బాంబు ప్రేలి మరణించిరి. ఆమె గర్భవతి.

నలువదేండ్లు గడచిన పిమ్మట, నాడు కాగితములంటించిన ఆ బాలికలు, అప్పటికి వయసు మీరిన స్త్రీలు, ఆ పల్లెలోని కుటుంబముల సంగతి తెలిసికొనిరి. 1987లో తమ చేతులతో కాగితపు కొంగలను వేయి మడిచి ఆ కుటుంబములకు పంపిరి. జపానువారికి కాగితపు కొంగ శాంతికిని, శుభమునకును గుర్తు. అవే చేతులు, అదే కాగితము. కాని ఈ మాఱు పంపినది ప్రేమ. సోదరీమణులారా, గాలికి పగ లేదు, స్నేహము లేదు. దానిపై మన మేమి యెక్కించి పంపుదుమో అదే అది మోసికొనిపోవును. నేడు అదే గాలి మన పిల్లలను ముందుగా టోక్యో చేర్చుచున్నది.

గడియారము

ఇక రెండవ కారణము. సూర్యుడు తూర్పున ముందుగా ఉదయించును. కావున తూర్పు దేశముల గడియారములు మనకంటె ముందుండును. భూమి 24 గంటలలో 360 భాగలు తిరుగును. అనగా ఒక్కొక్క భాగకు 4 నిమిషములు. మన దేశపు కాలము ఎనుబది రెండున్నర భాగల తూర్పు రేఖనుబట్టి ఏర్పడినది. ఆ రేఖ ఉత్తరమున మీర్జాపురమునకును, మన ఆంధ్రదేశమున కాకినాడకును సమీపమున పోవుచున్నది. జపాను కాలము 135 భాగల రేఖనుబట్టి ఏర్పడినది. అది అకాషి యను పట్టణము మీదుగా పోవును. ఈ రెంటి నడుమ భేదము యేబది రెండున్నర భాగలు. దానిని నాలుగుతో హెచ్చింపుడు: 210 నిమిషములు, అనగా సరిగా మూడున్నర గంటలు.

మొదటి చిక్కు ఇప్పుడు విడిపోవును. ఢిల్లీలో రాత్రి 8 గంటలైనపుడు టోక్యోలో రాత్రి పదకొండున్నర. దానికి ఏడున్నర గంటలు చేర్చినచో ఉదయము 7 గంటలు. టోక్యోలో మధ్యాహ్నము 12 గంటలైనపుడు ఢిల్లీలో ఉదయము ఎనిమిదిన్నర. దానికి తొమ్మిదిన్నర గంటలు చేర్చినచో సాయంకాలము 6 గంటలు. సూత్రము చిన్నది: పోవు ప్రయాణమున గడియారము చూపు కాలమునుండి మూడున్నర గంటలు తీసివేయవలెను, వచ్చు ప్రయాణమున మూడున్నర గంటలు కలుపవలెను. దీనిని వంటయింటి గోడమీది పంచాంగముపై వ్రాసి పెట్టుకొన్నచో ఎప్పుడైనను పనికివచ్చును.

టెలిఫోనునకును ఇదియే సూత్రము. ఇంటి పనులన్నియు ముగించుకొని రాత్రి 9 గంటలకు మనము పిలిచినచో, అచ్చట అమ్మాయికి అర్ధరాత్రి దాటి అరగంట. సాయంకాలము 5 గంటలకు పిలిచినచో అచ్చట రాత్రి ఎనిమిదిన్నర. భోజనమై తీరికగా నుండు వేళ. ఉదయము పలుకరింపవలెనన్న మన 4 గంటలకు వారికి ఏడున్నర. తెల్లవాఱుజామున లేచు తల్లులకు ఇది కష్టము గాదు.

మునుపటి ప్రయాణములు

ఈ నిరీక్షణ నేడొక రాత్రితో ముగియుచున్నది. మునుపిట్లు గాదు. 1893 మే 31వ తేదీన వివేకానందస్వామి బొంబాయిలో ఓడ యెక్కి, కొలంబో, పెనాంగు, సింగపూరు, హాంగుకాంగుల మీదుగా జపాను చేరి, ఆ దేశమును కొంత చూచి, జూలై 14వ తేదీన యొకొహామాలో అమెరికా ఓడ యెక్కెను. నడుమ గడచినది నెలన్నర. 1937 ఏప్రిలులో ఇద్దఱు జపానువారు కమికజె యను చిన్న విమానములో టోక్యోనుండి హనోయి, కలకత్తా, కరాచీల మీదుగా లండనుకు 94 గంటలలో చేరి లోకమును ఆశ్చర్యపఱచిరి. అందులో నిజముగా ఎగిరినది 51 గంటలే. వారు పడమటికి, అనగా గాలి వచ్చు దిక్కునకే పోవుచుండిరని జ్ఞాపకముంచుకొనుడు. 1955లో ఏర్ ఇండియా విమానములు టోక్యోకు పోవుట మొదలైనది. అప్పటివి పంఖాలతో నడచు విమానములు. ఒక్క యూపున చేరలేక నడుమ కొన్ని పట్టణములలో దిగి పోవుచుండెడివి. నేడు ఢిల్లీలో రాత్రి భోజనము చేసి యెక్కినవారు టోక్యోలో ఉదయపు ఫలహారమునకు దిగుచున్నారు.

పోవువారికి, నిలుచువారికి

పోవు స్త్రీలకు కొన్ని మాటలు. విమానములోని గాలి యొత్తిడి నేలమీది దానివంటిది గాదు. 1,800 మొదలు 2,400 మీటర్ల ఎత్తుగల కొండపై నున్నట్లుండును. ఉదకమండలము ఇంచుమించుగా నంత యెత్తుననే యున్నది. గుండెజబ్బు, ఉబ్బసము, తీవ్రమైన రక్తహీనత గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. గర్భవతులు ఏడవ మాసము వచ్చినది మొదలు వైద్యుని పత్రము వెంటనుంచుకొనవలెను. నెలలు నిండుచున్నవారిని విమానములవారు సాధారణముగా ఎక్కనీయరు. విమానములోని గాలి మిక్కిలి పొడిగా నుండును. మాటిమాటికి నీరు త్రాగవలెను. తిరుగు ప్రయాణము రెండు గంటలు దీర్ఘమని తెలిసినది గదా. అంతసేపు కదలక కూర్చున్నచో కాళ్లలో రక్తము గడ్డకట్టు ప్రమాదము గలదు. గంట కొకమాఱైన లేచి నాలుగడుగులు నడువవలెను. చంటిబిడ్డలకు విమానము దిగునప్పుడు చెవులు నొచ్చును. ఆ వేళ పాలు పట్టినచో మ్రింగుటవలన నొప్పి తగ్గును. నిత్యము వేసికొను మందులు చేతిసంచిలోనే యుండవలెను. మధుమేహమునకు సూదిమందు పుచ్చుకొనువారు, తూర్పునకు పోవుదినము మూడున్నర గంటలు కుఱుచయగునని వైద్యునికి చెప్పి వేళలు నిర్ణయించుకొనవలెను.

ఊరగాయ జాడీలు చేతిసంచిలో నుంచరాదు. నూనెయు ద్రవమే కావున సోదాలో ఆపుదురు. గట్టిగా మూత బిగించి పెద్దపెట్టెలో సర్దవలెను. తాజాపండ్లు, మొక్కలు, ఆకులు ప్రభుత్వపు ధ్రువపత్రము లేనిదే జపానులోనికి రానీయరు. మాంసపు పదార్థములును అట్లే. ప్రేమతో కట్టి యిచ్చిన మామిడిపండ్లు విమానాశ్రయములో పారవేయబడుటకంటె ఇంట పిల్లలు తినుట మేలు. టోక్యో చేరిన మఱునాడు నిద్ర పట్టక, లేవలేక కొంత ఇబ్బంది కలుగును; ఉదయపు టెండలో కొంతసేపు తిరిగినచో రెండు మూడు దినములలో సర్దుకొనును.

ఇక ఇంట నిలుచువారికి. విమానపు సంఖ్యను కాగితముపై వ్రాసి యుంచుకొనుడు. నేడు చేతిలోని ఫోనులోనే ఆ సంఖ్యనుబట్టి విమాన మెక్కడ నున్నదో చూచుకొనవచ్చును. చేతకాకున్న ఇంటి పిల్లల నడుగుడు. విమానము తిన్నగా ఈశాన్యమునకు పోక తూర్పునకు సాగుచుండుట చూచి దారి తప్పినదని భయపడకుడు. కారణము పైన చెప్పబడినది. నేలను తాకిన క్షణముననే ఫోను రాదు. పాసుపోర్టు తనిఖీ, సామాను, సుంకపు సోదా ముగియుటకు గంట పట్టవచ్చును. డిసెంబరు, జనవరి మాసములలో ఢిల్లీలో మంచు పట్టి విమానము లాలస్యమగును. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో జపానులో తుపానులు వచ్చును. ఆలస్యమైనంతమాత్రమున అపాయమని తలంపరాదు. మంచులోనికి తొందరపడి యెగిరిన విమానముకంటె, మంచు విడువఱకు నిలిచిన విమానమే మనకు మేలు చేసినది.

దూరము మాఱదు, కాలము మాఱును. గాలి ఋతువుతో మాఱును. దారి దేశముల స్నేహముతో మాఱును. గడియారము సూర్యునితో మాఱును. ఈ మూడింటిని తెలిసిన తల్లి గోడవంక చూచి దిగులుపడదు. లెక్క చూచుకొని, ఎప్పుడు ఫోను వచ్చునో అప్పటికి లేచుటకు గంట పెట్టుకొని, నిశ్చింతగా నిద్రించును. పిల్లలను దూరదేశములకు పంపుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమునకు జ్ఞానమే ఊతకఱ్ఱ. మీ యింటినుండి ఎవరైన ప్రయాణమగుచున్నచో, సామాను సర్దుటకు ముందు పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని, బత్తాయిపండును, దారమును తీసికొని, వారు పోవు దారిని ఒకసారి కొలిచి చూడుడు.